పాప నోరు తెరిచేలోపే మీరు అందుకుంటున్నారు

ప్రశ్న: డాలస్ నుంచి తిరిగొచ్చి ఏడాదైంది. కొండాపూర్‌లో ఉంటున్నాం. మా పాప ఏడో తరగతి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. ఇక్కడి పిల్లలతో కలవదు. మన సంస్కృతి తెలియాలని కూచిపూడి, సంగీతం క్లాసుల్లో చేర్పిస్తే రెండూ మానేస్తానంటోంది. ఐబీ (ఇంటర్నేషనల్ బోర్డు) స్కూల్లోనే ఉంచాలా, సీబీఎస్ఈకి మార్చాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏటా జూన్ వచ్చిందంటే నాకు ఈ ప్రశ్న వస్తుంది. అడిగేది బోర్డు గురించే గానీ, లోపలున్న భయం వేరు: తిరిగొచ్చి పిల్లకు అన్యాయం చేశామా అని. చేయలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. భాష అర్థమవుతోందంటే సగం పని అయిపోయినట్టే, నోరు తిరగడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

ఇంటర్నేషనల్ స్కూళ్ల మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. చదువు గురించి కాదు. గేటెడ్ కమ్యూనిటీ నుంచి ఏసీ బస్సు, బస్సు దిగితే ఏసీ క్లాసు. ఆ దారిలో పాపకు హైదరాబాద్ ఎక్కడ కనిపిస్తుంది? ఐబీ డిప్లొమాలో, అంటే పదకొండు, పన్నెండు తరగతుల్లో, సేవా కార్యక్రమాలు తప్పనిసరి, ఆలోచన మంచిదే. కానీ ఒక శనివారం వెళ్లి, ఫొటోలు దిగి, రిపోర్టు రాసేస్తే ఊరు పరిచయం కాదు. రేపు కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చని మీరు కూచిపూడిలో చేర్పించి ఉంటే, ఆ సంగతి పాపకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మానేయనివ్వండి.

మొన్న ఇలాగే తిరిగొచ్చిన ఒక అబ్బాయిని "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అని అడిగాను. "ఉప్..." అని వెతుక్కుంటున్నాడు, అంతలో తల్లి "ఉప్మా అండీ" అని అందుకుంది. ఆవిడను బయట కూర్చోమన్నాను. పది నిమిషాల్లో వాడు వాచ్‌మన్ పెంచే కోడిపిల్లల కథంతా సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పేశాడు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పిల్లలు కింద ఆడుకుని "మస్తుంది", "నాకు ఎర్కలేదు" అంటూ పైకొస్తే, "అదేం భాష?" అని కసురుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ ఊరి భాష అదేనమ్మా! దాన్ని తప్పంటే పాప మళ్లీ ఇంగ్లీషులోకే వెళ్లిపోతుంది.

బతుకమ్మకు పట్టుపావడా కట్టించి రీల్ తీయడం కాదు, ముందురోజు పూల మార్కెట్‌కు తీసుకెళ్లండి. గునుగు కాడలు సమంగా కోసి, రంగులో ముంచి ఆరబెట్టి, తంగేడుతో కలిపి వరసలు పేర్చే పని పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకోనివ్వండి. ఆషాఢంలో గోల్కొండ బోనాలకు కూడా, బోనం ఎత్తే కుటుంబం ఏదైనా తెలిస్తే వాళ్లతోనే పంపండి.

ఇక బోర్డు. తెలంగాణలో 2018 తెలుగు చట్టం వచ్చాక ఇక్కడ ఏ బోర్డులోనైనా పదో తరగతి దాకా తెలుగు చదవాల్సిందే. మినహాయింపు కోసం ప్రిన్సిపల్ చుట్టూ తిరగకండి. పాపకు స్కూల్ నచ్చితే మార్చొద్దు. మెడిసిన్ ఆలోచన ఉంటే ఒకటి చూసుకోండి: పాపది అమెరికా పౌరసత్వమై, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) 2021 మార్చి 4 తర్వాత తీసుకున్నదైతే ఎన్నారై సీట్లకే అర్హత. మిగతాదంతా తొమ్మిదో తరగతికి వచ్చాక మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం పాప చేతికి వంద రూపాయలిచ్చి కిరాణా కొట్టుకు ఒక్కదాన్నే పంపండి. పావుకిలో కందిపప్పు, ఒక కొత్తిమీర కట్ట. చీటీ రాసివ్వకండి, ఫోన్ కూడా చేయకండి.