స్కౌట్ క్యాంపులో ఇద్దరు పనిచేస్తే మిగతావాళ్లు చూస్తూ ఉంటున్నారు, ఏం చెయ్యాలి?

సోంపేట వైపు సరుగుడు తోటలో 24 మంది హైస్కూలు పిల్లలతో రెండు రాత్రుల క్యాంపు అన్నారు. ముడులన్నీ వచ్చు గానీ పని దగ్గర కలవడం లేదన్నారు. ముడులు మళ్లీ నేర్పితే అది రాదు, ఏర్పాటు మార్చాలి.

ముందు నెల చూసుకోండి. అక్టోబరు, నవంబరు వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది మీ వైపే, పలాస దగ్గర. జనవరి మేలు, మంచు మాత్రం బాగా కురుస్తుంది.

ఎనిమిదేసి మందితో మూడు పెట్రోళ్లు, అంటే స్కౌట్ జట్లు, చెయ్యండి. పెట్రోలుకి ఒక గుడారం, ఒక పొయ్యి, ఒక సామాన్ల పెట్టె. వంటమనిషిని తీసుకెళ్తే అది క్యాంపు కాదు, పిక్నిక్. పొయ్యి వేరైతే, కట్టెలు తేనివాణ్ణి మాస్టారు అడగక్కర్లేదు, ఆకలేసిన తోటివాళ్లే అడుగుతారు. నీళ్లకి ఇద్దరు, కట్టెలకి ఇద్దరు, వంటకి ఇద్దరు, గిన్నెలకి ఇద్దరు. ఈ పట్టీ జట్టు నాయకుడు, అంటే పెట్రోల్ లీడర్ చేతే రాయించి చెట్టుకి కట్టించండి, పూటపూటకీ మార్పించండి. మీరు ఏం చెప్పాలన్నా లీడర్‌కే చెప్పండి. నేరుగా పిల్లాణ్ణి పిలిచి పని చెప్పారా, లీడర్ ఉత్సవ విగ్రహమే.

అక్కడి ఇసుకలో గుడారం మేకులు నిలవవు. మేకుకి బదులు మూరెడు కర్రకి నడుమ గుడారం తాడు కట్టి, అడుగున్నర లోతులో, తాడు లాగే దిక్కుకి అడ్డంగా పాతి, పైన ఇసుక తొక్కాలి. ఒకడు తవ్వాలి, ఒకడు గుంజ పట్టుకోవాలి, ఇద్దరు తాడు లాగి పట్టాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, అందుకే మొదట ఇదే పెట్టండి. నూలు తాళ్లయితే పడుకునే ముందు కాస్త వదులు చేయించండి, మంచుకి తడిసి బిగుసుకుంటాయి. నైలాన్ తడిస్తే సాగుతుంది, దాన్ని తెల్లారి బిగించుకోవచ్చు.

అసలు భయం నిప్పుతో. రాలిన సరుగుడు ఆకు ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి చుట్టూ పది అడుగుల మేర ఇసుక తేలేదాకా ఊడ్పించి, పక్కనే రెండు బకెట్ల నీళ్లు పెట్టాకే అగ్గిపుల్ల గియ్యనివ్వండి. గాలి గట్టిగా ఉంటే పొయ్యి గుంటలోకి దించాలి.

మొదటి పూట పులగం చాలు. ఎనిమిది మందికి కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు. కందిపప్పు కట్టెల మీద ఉడికేసరికి పిల్లలు నీరసపడతారు. గంజి వార్చే వంట వద్దు, వేడి గిన్నె వంచేటప్పుడే చేతులు కాలేది. బియ్యం అరగంట నానబెట్టి, బియ్యం, పప్పు కలిపి ఎన్ని గ్లాసులైతే దానికి మూడింతల నీళ్లు పొయ్యాలి. పొంగాక మంట తగ్గించి నిప్పుల మీద మగ్గనివ్వాలి. మంట తగ్గించకే అడుగంటుతుంది. గిన్నెకి బయట తడిమట్టి పూస్తే మసి మట్టితో పాటే పోతుంది, తోమేవాళ్లు లీడర్ని తిట్టుకోరు.

వంటయ్యాక నిప్పుల మీద ఇసుక కప్పేసి వచ్చేస్తారు, అది కూడదు. లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది, చెప్పుల్లేని కాలు పడితే బొబ్బలే. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పొయ్యాలి. అరచేతి వెనకవైపు బూడిదకి దగ్గరగా పెడితే వేడి తగలనప్పుడే లీడర్ అక్కణ్ణుంచి కదలాలి.