ఇంగ్లీషు తిట్లు ఎక్కడ పుట్టాయి? ఒకే తిట్టును ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఎందుకు పలుకుతారు?

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు, లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేస్తూ రాత్రిపూట ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసినవాణ్ణి. నా ఇంగ్లీషు తిట్ల చదువంతా అక్కడే.

మొదటి వారంలో ఒకరోజు, పక్కన పనిచేసే పెద్దాయన చేతిలో పెట్టె అడుగు ఊడి టమాటా డబ్బాలన్నీ దొర్లిపోయాయి. ఆయన "ఓ, బుగ్గ!" అన్నాడు. నా మొహానికేమైనా అంటుకుందేమోనని నిజంగానే చెంప తడుముకున్నాను. ఆయన అన్నది మనం సినిమాల్లో వినే బగ్గర్. లీడ్స్ ఉండే ఉత్తర ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో ఆ 'అ'ని 'ఉ' అంటారు, చివరి 'ర' వినపడదు, అందుకే బగ్గర్ కాస్తా బుగ్గ అయింది. అలాగే బ్లడీ బ్లుడి, బస్సు బుస్సు.

ఇదేదో పాడైపోయిన పల్లెటూరి ఇంగ్లీషు అనుకున్నా. తీరా చూస్తే పాత పలుకు వాళ్లదే. 17వ శతాబ్దంలో లండన్ వైపు ఈ 'ఉ' చాలా మాటల్లో 'అ'గా మారింది, ఉత్తరాది వాళ్లు మాత్రం మారలేదు. పీయూటీ పుట్ అయితే బీయూటీ బట్ ఎందుకయింది అని స్కూల్లో జోకు వేసుకునేవాళ్లం కదా, లీడ్స్‌లో అది పేలదు, అక్కడ బుట్టే.

ఇక ఆ బుగ్గ అసలు పుట్టుక బల్గేరియా. అక్కడ బోగోమిల్ అనే మతశాఖ ఉండేది, చర్చి దృష్టిలో వాళ్లు మతద్రోహులు. ఆ దేశస్థుడనే లాటిన్ మాట ఫ్రెంచిలోకి వచ్చేసరికి మతద్రోహి అయింది, మతద్రోహులంటే స్వలింగ సంపర్కం కూడా అంటగట్టేవాళ్లు కాబట్టి చివరికి ఆ అర్థం మిగిలింది. 1533లో ఎనిమిదో హెన్రీ దీనిమీద చట్టం తెచ్చాడు, శిక్ష మరణం. అంత మాటని పెద్దాయన టమాటా డబ్బాల మీద వాడేశాడు.

అమెరికా వాళ్ల యాస్ సంగతి వేరు. అది మొదట ఆర్స్, 'స'కి ముందున్న 'ర' జారిపోయింది. కర్స్ కస్ అయిందీ, బర్స్ట్ బస్ట్ అయిందీ ఇలాగే. దాంతో పిరుదుల మాటా, లాటిన్ నుంచి వచ్చిన గాడిద మాటా ఒకేలా వినిపించసాగాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం కుందేలు కథ. కుందేలుకి ఇంగ్లీషులో పాత మాట ఒకటుంది, మనీ, హనీలకు ప్రాసగా 'కనీ' అనేవాళ్లు. ఆడవాళ్ల మర్మాంగానికి వాడే బూతు కూడా అచ్చం అలాగే ఉండేది. 1611 నాటి బైబిల్లో ఆ కుందేలు ఉంది, చర్చిలో అందరి ముందూ గట్టిగా చదవాలి, పాపం ఫాదర్ గారు ఏం చేస్తారు! 19వ శతాబ్దంలో 'కోనీ' అని సాగదీసి పలకడం స్థిరపడింది. జనం ఆ గొడవే లేకుండా, అప్పటిదాకా పిల్లకుందేలుకి వాడే రాబిట్‌ని అన్ని కుందేళ్లకీ పెట్టేసుకున్నారు.

వాట్సాప్‌లో తిరిగే కథలు, అంటే ఎఫ్ మాట 'రాజుగారి అనుమతి'కి పొట్టిపేరనీ, షిట్ అంటే ఓడలో సరుకు పైన పెట్టమని రాసిన అక్షరాలనీ, అవన్నీ కల్పితాలు. రెండూ పాత జర్మానిక్ మాటలే. షిట్‌కి చుట్టమైన షైసెని జర్మన్లు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు. ఎఫ్ మాట 1500 ప్రాంతంలోనే స్కాట్లండ్ కవి విలియం డన్బర్ పద్యంలో ఉంది.

ఒకసారి టీ బ్రేక్‌లో పెద్దాయన నన్ను "సిల్లీ బుగ్గ" అన్నాడు, ముద్దుగానే. మా నాన్న కూడా ఇలాగే వెధవా అని పిలుస్తాడని చెప్పా. అది విధవ అనే సంస్కృతం మాటేననీ, 'వి' కాస్తా 'వె' అయ్యాక అందులో భర్త పోయిన ఆడమనిషి ఎవరికీ గుర్తురాదనీ, మగపిల్లల్నే ఎక్కువ తిడతామనీ వివరించా. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆయన నోట 'ధ' పలకదు. నేను ఆ పని మానేసేదాకా షిఫ్టు మొదలయ్యేటప్పుడు రోజూ "మార్నింగ్, వెడవా" అనేవాడు, రాత్రి పదింటికి.