ఇంట్లో స్టేటస్ లేని మనిషి ఉంటే 911కి ఫోన్ చేయొచ్చా?

మీరడిగింది ఇదీ: న్యూజెర్సీలో నలుగురు కలిసి ఉంటున్నారు, ఇంట్లో దొంగలు పడ్డారు, ఒకతనికి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) అయిపోయి స్టేటస్, అంటే ఇక్కడ ఉండే చట్టబద్ధమైన హక్కు, లేదు. "ఇక్కడి లోకల్ పోలీసులు ఐస్‌కి (ఫెడరల్ ఇమిగ్రేషన్ పోలీసులకి) సాయం చేయరు" అంటున్నారు కదా, నమ్మి కంప్లయింట్ ఇవ్వొచ్చా అని. ఇవ్వండి. రేపటి దాకా ఆగకండి. మేం ఆగాం.

2019 దీపావళి. న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. ఫ్రెండ్ ఇంట్లో భోజనాలు చేసి పదింటికి వచ్చేసరికి వెనక తలుపు అద్దం పగిలి ఉంది, క్లోజెట్‌లో బట్టలన్నీ నేల మీద ఉన్నాయి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందనీ, పండగ రోజు ఇంట్లో ఎవరూ ఉండరనీ దొంగలకి తెలుసు. మా ఆవిడ నల్లపూసలు, బాబుకి బారసాలలో పెట్టిన మురుగులు పోయాయి. 911 నొక్కబోతుంటే మా పిన్ని కొడుకు మొహం చూశాను. వాడు మాతోనే ఉండేవాడు. హెచ్‌1 వర్క్ వీసా లాటరీలో పేరు రాలేదు, గడువు దాటిపోయింది, అలాగే ఉండిపోయాడు. "అన్నయ్యా, తెల్లారగానే నేను వెళ్ళిపోతా, అప్పుడు పిలువు" అన్నాడు. సరే అన్నాను. ఈలోగా ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అమ్మ, పిల్లాడి కాళ్ళకి గుచ్చుకుంటాయని అద్దం ముక్కలన్నీ శుభ్రంగా ఊడ్చేసింది.

పొద్దున వచ్చిన ఆఫీసర్ మొదటి మాట, "రాత్రే ఎందుకు పిలవలేదు?" దానికి నా దగ్గర జవాబు లేదు. పేర్లు, ఫోన్ నంబరు, పోయిన నగల ఫోటోలు అడిగాడు. వీసా ఊసే ఎత్తలేదు. తర్వాత తెలిసింది, ఎత్తకూడదని. అప్పటి న్యూజెర్సీ అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్ 2018 నవంబరులో రాష్ట్రంలోని పోలీసులకి ఇచ్చిన ఆదేశం 2019 మార్చి నుంచి అమల్లో ఉంది. కేవలం స్టేటస్ కోసం ఎవరినీ ఆపకూడదు, పట్టుకోకూడదు. తీవ్రమైన కేసు దర్యాప్తుకి అవసరమైతే తప్ప అసలు అడగకూడదు.

ఇది మనవాళ్ళకి వింతగానే ఉంటుంది. ఇండియాలో చాలా జిల్లాల్లో ఎస్పీ గారే విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి వచ్చేదీ మన స్టేషన్ కానిస్టేబులే. అమెరికాలో ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం పని, ఫెడరల్ పనులు చేసిపెట్టమని రాష్ట్రాల అధికారుల మీద రుద్దడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది (నిజానికి అది తుపాకుల చట్టం మీద వచ్చిన కేసు). లోకల్ పోలీసులు ఇష్టపడి చేస్తామంటే మాత్రం 287(జీ) అని ఐస్‌తో చేసుకునే ఒప్పందం ఉంది, 1996 చట్టంలో వచ్చింది. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి చోట్ల 2017లోనే ఐస్‌కి చేసే సాయానికి హద్దులు పెడుతూ చట్టాలు చేశారు. లాస్ ఏంజెలెస్ పోలీసులైతే 1979 నుంచే స్టేటస్ కనుక్కోవడం కోసం జనాన్ని ఆపొద్దన్న రూలు పెట్టుకున్నారు. బాధితులూ సాక్షులూ భయపడి తలుపు తీయకపోతే దొంగని ఎలా పట్టుకుంటారు? ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. అందుకే ఈ హద్దులు ఉండాలనే నేనంటాను.

అయితే మనవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. ఈ ఆదేశం ఫోన్ చేసేవాళ్ళకి ధైర్యం, అంతే. అరెస్టయ్యి వేలిముద్రలు తీశారంటే కథ వేరు. ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడి నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీకి వాటంతటవే చేరతాయి. దీన్ని ఆపడం ఏ రాష్ట్రం వల్లా కాదు. అప్పుడు ఐస్ జైలుకి డిటైనర్ పంపొచ్చు, అంటే విడుదల టైము దాటాక ఇంకో 48 గంటల వరకు ఉంచమని. న్యూజెర్సీ కూడా కిందికి వచ్చే థర్డ్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు 2014లో అది రిక్వెస్టే గానీ ఆర్డరు కాదంది. అయినా తీవ్రమైన నేరాల కేసుల్లో ఇక్కడా కొంతమేరకు ఒప్పుకుంటారు. పైగా ఐస్ తనంతట తాను తలుపు తట్టొచ్చు. వాళ్ళ వారెంట్ మీద చాలాసార్లు సంతకం జడ్జిది కాదు, ఐస్ ఆఫీసర్‌దే. దానితో మీరు ఒప్పుకోకుండా ఇంట్లోకి రానివ్వక్కర్లేదని మా లాయర్ చెప్పాడు.

స్టోర్‌లో చిన్న వస్తువు బిల్లు వేయకుండా బయటికి తెచ్చి పట్టుబడే పిల్లలకి ఇదే చెప్తాను, "మనది సాంక్చువరీ స్టేట్ (ఐస్‌కి చేసే సాయానికి హద్దులు పెట్టిన రాష్ట్రం)" అనే మాట అక్కడ పనికిరాదు. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ళ స్టేటస్ నమోదయ్యే ఫెడరల్ రికార్డులు) ఎఫ్‌బీఐ డేటాబేస్‌లో పేరు తగిలిందని రద్దు చేశారు, కేసులు కొట్టేసినవాళ్ళవి కూడా. కోర్టులకెక్కాక ఏప్రిల్ చివర్లో తిరిగి పెట్టారు.

డాలస్‌లో ఉన్న మీ కజిన్ "పిలవొద్దు" అన్నాడని రాశారు. అక్కడ తీరు వేరు. టెక్సాస్ రాష్ట్రం 2017లో చేసిన ఎస్‌బీ 4 అనే చట్టం ప్రకారం జైళ్ళు డిటైనర్లని పాటించి తీరాలి, ఆపినవాళ్ళని పోలీసు స్టేటస్ అడగొచ్చు. కానీ అక్కడ కూడా బాధితుణ్ణీ సాక్షినీ దర్యాప్తుకి అవసరమైతే తప్ప అడగకూడదని అదే చట్టంలో ఉంది. మీ కజిన్ ఆ ముక్క చదివినట్టు లేడు.

మీ రూమ్మేట్ విడిగా ఇమిగ్రేషన్ లాయర్ని కలవాలి, అది ఈ దొంగతనంతో ముడిపడిన పని కాదు. మీరు మాత్రం పోయిన వస్తువుల ఫోటోలు, బిల్లులు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, పోలీస్ రిపోర్ట్ లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు మాట్లాడరు. అద్దం ముక్కలు ఎక్కడివక్కడే ఉండనివ్వండి.