ఉప్పుతో మొదలుపెట్టమ్మా

చిరంజీవి చిన్నకోడలికి,

కర్నూలు నుంచి మామయ్య ఆశీస్సులు. పదో తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పాలంటే టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా.

సమీకరణాలతో మొదలుపెట్టొద్దు. నేను పదేళ్లు అదే చేశాను. ఒకరోజు ఉప్పునీళ్లలో కరెంటు పంపే సమీకరణం రాస్తుంటే వెనక బెంచీ పిల్లోడు లేచి, "కాస్టిక్ సోడా వచ్చింది సరే సార్, ఆ క్లోరిన్‌ని ఏం చేస్తారు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందు, పిల్లల్ని వాళ్ల అవ్వలు బట్టలు దేంతో ఉతికేవాళ్లో కనుక్కుని రమ్మను. చౌడుమన్ను అని ఎవరో ఒకరు తెస్తారు కబురు. అందులో పనిచేసేది బట్టల సోడానే. ఇప్పుడు దాన్ని ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాలతో చేస్తారు. 1861లో బెల్జియం ఆయన సాల్వే కనిపెట్టిన పద్ధతి అది. అక్కడ ఎక్కువసేపు ఆగొద్దు.

ఆగాల్సింది ఉప్పునీళ్ల దగ్గర. 117 కిలోల ఉప్పును కరిగించి కరెంటు పంపితే, లెక్క ప్రకారం 80 కిలోల కాస్టిక్, 71 కిలోల క్లోరిన్, 2 కిలోల హైడ్రోజన్ వస్తాయి. బోర్డు మీద కూడించు, 153. మిగతా 36 కిలోలు ఎక్కడివని అడుగు. నీళ్లవని వాళ్లే చెప్పాలి, నువ్వు నోరు విప్పొద్దు. సబ్బుకు కాస్టిక్ ఒక్కటే చాలంటే కుదరదు, క్లోరిన్ కూడా వెంటే వస్తుంది.

కరెంటు పంపే తొట్టిలో ఈ రెండూ కలవకుండా మధ్యలో ఒక పొర పెడతారు. అది సోడియం అయాన్లను దాటనిస్తుంది, క్లోరిన్‌ని ఆపుతుంది. తమాషా ఏంటంటే, ఇక్కడ ఇంత కష్టపడి విడదీసినవాటినే ఇంకోచోట కావాలని కలుపుతారు. చల్లటి పలచటి కాస్టిక్‌లోకి క్లోరిన్ పంపితే బ్లీచ్. వేడెక్కితే క్లోరేట్ అనే వేరే పదార్థం అయిపోతుంది. పొడి సున్నం మీదికి పంపితే బ్లీచింగ్ పౌడర్. హైడ్రోజన్‌తో కలిపి మండించి, ఆ వాయువును నీళ్లలో కరిగిస్తే బాత్రూం యాసిడ్. మన కర్నూలు పక్కనే గొందిపర్లలో ఆల్కలీస్, అంటే క్షారాల ఫ్యాక్టరీ ఉందని చెప్పు, ఊరి పేరు వింటే పిల్లలు చెవులు రిక్కిస్తారు.

ప్రయోగానికి 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ ములుకులు, ఉప్పునీళ్లు, పసుపు పూసిన కాగితం చాలు. మైనస్ వైపు పుట్టే కాస్టిక్‌కి కాగితం ఎర్రబడుతుంది. ప్లస్ వైపు క్లోరిన్ వస్తుంది కాబట్టి కిటికీలన్నీ తెరువు, రెండు నిమిషాల్లో ఆపేయ్. యాసిడ్‌నీ బ్లీచ్‌నీ కలిపితే మళ్లీ క్లోరినే లేస్తుంది, ఊపిరాడదు. అది బోర్డు మీదే, ఎంత అడిగినా చేసి చూపించొద్దు.

యాసిడ్ సున్నపురాయిని తింటుందనడానికి మన వంటింటి కడప బండ మీది తెల్లమచ్చే సాక్ష్యం. ఫోటో పంపుతా, క్లాసులో చూపించు. ఒలకబోసింది ఎవరో మాత్రం చెప్పొద్దు, మీ అత్తయ్యకు ఇంకా కోపం తగ్గలేదు.

మామయ్య