పాస్కా రెండవ ఆదివారమా, ఈస్టర్ తర్వాత రెండవ ఆదివారమా?

సందేహం: మా విచారణలో (చర్చి పరిధిలో) పాస్కా కాలానికి, అంటే ఈస్టర్‌తో మొదలయ్యే పండుగ కాలానికి, రోజుకొక ధ్యానాంశం రాసి పంచుతున్నాం. కొందరు 'పాస్కా రెండవ ఆదివారం' అని, కొందరు 'ఈస్టర్ తర్వాత రెండవ ఆదివారం' అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా? 'పునరుత్థానుడు', 'పునరుద్ధానుడు' – వీటిలో ఏది సరి?

సమాధానం: రెండూ ఒకటి కావు. వాటి మధ్య వారం తేడా ఉంది.

2026 సంగతి చూడండి. ఈస్టర్ ఏప్రిల్ 5న. ఆ ఆదివారమే పాస్కా కాలంలో మొదటిది కాబట్టి రెండవది 12న వస్తుంది. 'ఈస్టర్ తర్వాత రెండవ' అంటే మాత్రం 19. తెలుగులో 'తర్వాత' అన్నది ఏ మాట పక్కన చేరితే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. 12న చదివే సువిశేషం తోమా సందేహం (యోహాను 20:19-31), అది ఏ ఏడాదీ మారదు. 19న చదివేది ఎమ్మావు దారి, అంటే ఆ ఊరికి నడిచి వెళ్తున్న ఇద్దరు శిష్యులను లేచిన యేసు కలిసిన ఘట్టం (లూకా 24:13-35). శీర్షికలో 'తర్వాత' దూరితే, ఎమ్మావు చదివే రోజున మీవాళ్ల చేతికి తోమా ధ్యానం వస్తుంది.

ఈ 'తర్వాత' ఎవరో పొరపాటున పెట్టింది కాదు. 1969లో కతోలిక ఆరాధన పంచాంగాన్ని సవరించేదాకా లతీను పేర్లే అలా ఉండేవి. అందుకని పాత పుస్తకాల్లోంచి ఎత్తి రాసేవారు అంకెకు ఒకటి కలిపితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మంచి కాపరి సువిశేషం అప్పట్లో ఈస్టర్ తర్వాత రెండవ ఆదివారానిది. ఒకటి కలిపితే మూడవది కావాలి, కానీ ఇప్పుడది చదివేది నాలుగవ ఆదివారం. కాబట్టి రోజు పేరును నమ్మకండి, పఠనపు అధ్యాయాన్నీ వచనాలనూ సరిచూసుకోండి.

మామూలు రోజుల విషయంలో గుర్తుంచుకోవలసింది, ఆదివారం వారానికి తల, తోక కాదు. ఏప్రిల్ 13 'పాస్కా రెండవ వారం సోమవారం'. మొదటి ఎనిమిది రోజులను మాత్రం పండుగలో భాగంగానే లెక్కిస్తారు కనుక వాటికి 'మొదటి వారం' అనే పేరు పెట్టరు. ఆ ఎనిమిది రోజులను అష్టాహం అనవచ్చు. సప్తాహం ఉన్నప్పుడు అష్టాహం ఎందుకు ఉండకూడదు? బరువనిపిస్తే 'ఎనిమిది రోజుల పండుగలో బుధవారం' అనండి.

'మూడు రోజుల తర్వాత లేచాడు' అన్న వాక్యంలోనూ ఇదే చిక్కు. శుక్రవారానికి మూడు రోజుల తర్వాత సోమవారం! విశ్వాస సంగ్రహంలో (పూజలో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రకటనలో) ఉన్నది 'మూడవ నాడు'. మార్కు 8:31లో 'తర్వాత' అనే ఉంది కదా అంటారేమో. ఆ కాలపు లెక్కలో శుక్రవారం కూడా ఒక రోజే. నేటి పాఠకుడు అలా లెక్కపెట్టడు.

ఇక రెండో ప్రశ్న. 'పునరుద్ధానం' అనే మాట లేదు. ఉత్ అనే ఉపసర్గ తర్వాత 'స్థా' ధాతువు వస్తే సకారం పోయి 'ఉత్థానం' అవుతుంది. ఉత్థాన ఏకాదశిలో ఉన్నది ఈ మాటే. దానికి 'పునః' చేరితే పునరుత్థానం. 'పునరుద్ధరణ'లోని ధాతువు వేరు. ఆగిపోయిన పథకాన్ని పునరుద్ధరిస్తారు, సమాధిలోంచి లేవడానికి ఆ మాట చెల్లదు. ఈ రెంటినీ కలగలిపేసినందువల్ల 'ద్ధ' వచ్చిపడింది. 'త్ధ' అని రాసేవారూ ఉన్నారు. థకు కడుపులో చుక్క ఉంటుంది, ధకు ఉండదు. ఒత్తుగా మారినప్పుడు ఆ చుక్క సన్నని అచ్చులో కనబడదు, అందుకే అచ్చుప్రతి దిద్దేవారి కళ్లు గప్పుతుంది.

సరైన స్పెల్లింగ్‌తో రాసినా 'పునరుత్థానుడు' నాకు అంతగా రుచించదు. ఉత్థానం అంటే లేవడం, అది పని పేరు. లేచినవాడు ఉత్థితుడు. ప్రయాణం చేసేవాణ్ణి ప్రయాణుడు అనం కదా! పాటల్లో, ప్రార్థనల్లో స్థిరపడిపోయిన మాటను ఇప్పుడు పెరకనక్కరలేదు. కొత్తగా రాసే వచనంలో మాత్రం 'లేచిన క్రీస్తు' అంటే పామరుడికీ పండితుడికీ అందుతుంది.

అచ్చతెలుగు క్రియ వాడితే ఇంకో లాభం ఉంది. లేచు, లేపు అని మనకు జంట ఉంది, నిలుచు – నిలుపు లాగా. ఈ కాలమంతా మొదటి పఠనం అపోస్తలుల కార్యాల నుంచే. అందులో పేతురు దేవుడు యేసును లేపాడని పదే పదే అంటాడు (2:24, 3:15, 10:40). ఖాళీ సమాధి దగ్గర వినిపించేది 'ఆయన లేచాడు'. ధ్యానం రాసేవారు రెండుచోట్లా 'పునరుత్థానం చెందాడు' అని పెట్టేస్తే, పేతురు వాక్యంలో కర్త అయిన దేవుడు కనిపించకుండా పోతాడు. ఆ రోజు పఠనంలో 'లేపాడు' ఉంటే మీ ధ్యానంలోనూ 'లేపాడు' అనే ఉంచండి.