వానాకాలంలో కాకడూ: ఏ దారి తెరిచి ఉంటుంది, ఏది మూసేస్తారు

ఫిబ్రవరి మొదటి వారంలో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో ఆస్ట్రేలియా ఉత్తర కొసనున్న డార్విన్ వస్తున్నామనీ, అద్దెకు మామూలు కారు తీసుకుని కాకడూ జాతీయ ఉద్యానవనంలో మూడు రోజులు తిరగాలనుకుంటున్నామనీ, ఆ వానల్లో రోడ్లూ జలపాతాలూ తెరిచి ఉంటాయో లేదో చెప్పమనీ మీరు అడిగారు. ఆరు వానాకాలాలుగా నేను డార్విన్‌లో ఉంటున్నాను. ఏటా ఒక్కసారైనా సరిగ్గా ఆ నెలల్లోనే కాకడూ వెళ్లి వస్తున్నాను. తప్పకుండా రండి. అయితే జిమ్ జిమ్ జలపాతం కింద నిలబడాలన్న ఆశను ఇప్పుడే పక్కన పెట్టండి, వీలైతే మూడు రోజులను అయిదు చేసుకోండి, "పార్కు తెరిచి ఉందా" అని కాకుండా "ఈ ఉదయం ఫలానా చోటికి దారి ఉందా" అని ఏ రోజుకారోజు అడగడానికి సిద్ధపడి రండి.

ఇలా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే అక్కడ నీళ్లు ఎలా నడుస్తాయో తెలియాలి. డార్విన్‌లో ఏడాదికి సుమారు 1700 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో దాదాపు అంతా నవంబరు నుంచి ఏప్రిల్ లోపే పడుతుంది. ఒక్క జనవరిలోనే 400 మిల్లీమీటర్లు దాటుతుంది. కాకడూ దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల నేల. దాని తూర్పు, దక్షిణ దిక్కుల్లో ఇసుకరాతి పీఠభూమి ఉంది. ఆ రాతి మీద పడిన వాన ఇంకే వీలు లేక అంచుల నుంచి దూకి, వాగులై, దిగువన అరచేయిలా చదునుగా ఉన్న మైదానంలోకి చేరి, అక్కడ పరుచుకుని, వారాల తరబడి నిలిచిపోతుంది. కాబట్టి మీరు నడుపుతున్న రోడ్డు మీద చినుకు లేకపోయినా, నెత్తిన ఎండ కాస్తున్నా, నిన్న రాత్రి పీఠభూమి మీద కురిసిన వాన ఈ రోజు మీ ముందున్న వాగులోకి రావచ్చు. ఊళ్లో వాన వెలిసింది కదా అని బయలుదేరి దారిలో చిక్కుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మూడేళ్ల కిందట నేనూ అలాగే బయలుదేరాను. పార్కు లోపలున్న జబీరు ఊళ్లో తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. రాతి చిత్రాలున్న ఉబిర్‌కు వెళ్లే దారిలో మగీలా వాగు రోడ్డు మీదుగా పారుతుంది. తారు రోడ్డే కానీ వాగు దగ్గర పల్లంలోకి దిగుతుంది. మేము చేరేటప్పటికి పక్కనున్న కొలత స్తంభం మీద నీళ్లు 0.2 మీటర్ల గీతను తాకుతున్నాయి. అడుగున రోడ్డు తెల్లటి చారలా కనిపిస్తూనే ఉంది, అవతలి ఒడ్డు రాయి విసిరితే అందేంత దూరంలో ఉంది. మోకాలి లోతు కూడా లేదు, పోనిద్దాం అన్నాడు నాతో వచ్చిన మిత్రుడు. కాసేపు చూద్దామని నీటి అంచున ఒక గుండ్రాయి పెట్టి, కారు నీడన ఫ్లాస్కులోని టీ తాగుతూ కూర్చున్నాం. కప్పులు ఖాళీ అయ్యేసరికి ఆ రాయి కనిపించలేదు. ఉదయం నుంచి నిదానంగా సాగుతున్న ఎండుటాకులు అప్పటికి వడిగా తిరుగుతూ పోతున్నాయి, తెల్లటి చార మాయమైంది. వెనక్కి తిరిగాం. ఆ సాయంత్రమే ఆ దారికి "రోడ్డు మూసివేయబడింది" అన్న బోర్డు పెట్టారు, మేము డార్విన్‌కు తిరిగి బయలుదేరేదాకా దాన్ని తీయలేదు. ఆ పొద్దున దాటి ఉంటే సాయంత్రం తిరిగి వచ్చే దారి ఉండేది కాదు. పారే నీటి దగ్గర అవతలికి వెళ్లగలమా అన్నది సగం ప్రశ్నే, తిరిగి రాగలమా అన్నది మిగతా సగం. ముసలివాళ్లు, పిల్లలు వెంట ఉన్నప్పుడు ఈ రెండో సగమే ముఖ్యం.

నీటి బలం గురించి కూడా అంకెల్లోనే చెబుతాను, ఎందుకంటే కంటికి అది ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం జలపరిశోధనశాల వాళ్లు 2016లో నిజమైన కార్లను నీటిలో నిలిపి పరీక్షించారు. టన్ను పైచిలుకు బరువున్న టయోటా యారిస్, సెకనుకు ఒక మీటరు వేగంతో పారే 15 సెంటీమీటర్ల నీటికే జరిగిపోయింది, 60 సెంటీమీటర్ల నీటిలో పూర్తిగా తేలిపోయింది. రెండున్నర టన్నుల నిస్సాన్ పెట్రోల్ కూడా అదే వేగంలో 45 సెంటీమీటర్లకు పట్టు కోల్పోయింది. అంటే పెద్ద బండి కొంత మేలే కానీ రక్ష కాదు. పైగా నీటి కింద రోడ్డు అంచు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. నడిచి చూద్దామంటే ఆ నీళ్లలో మొసళ్లు ఉంటాయి, కాబట్టి మన పల్లెల్లో చేసినట్టు ఒకరు ముందు దిగి లోతు చూసే పద్ధతి అక్కడ పొరపాటున కూడా పనికిరాదు. మూసిన రోడ్డు బోర్డు దాటి వెళ్లడం చట్టప్రకారం నేరం. అద్దె కారు ఒప్పందాల్లో సాధారణంగా నీటిలో జరిగిన నష్టానికి బీమా వర్తించదు, మట్టిరోడ్ల మీదికి వెళ్లకూడదనీ, ఊరి బయట చీకటి పడ్డాక నడపకూడదనీ షరతులు కూడా ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఆ పేజీ నిదానంగా చదవండి.

ఇక రోడ్ల సంగతి. డార్విన్ నుంచి జబీరుకు సుమారు 250 కిలోమీటర్లు. స్టువర్ట్ హైవే మీద కొంత దూరం వెళ్లి ఆర్న్‌హెమ్ హైవేలోకి తిరగాలి. జబీరు నుంచి దక్షిణంగా పైన్ క్రీక్ వరకు కాకడూ హైవే. ఇవన్నీ తారు రోడ్లే, మీ మామూలు కారుకు సరిపోతాయి, వానాకాలంలో కూడా ఎక్కువ రోజులు తెరిచే ఉంటాయి. అయితే కుండపోతగా నాలుగు రోజులు పట్టిందంటే ఇవి కూడా కొన్ని గంటలపాటో కొన్ని రోజులపాటో తెగుతాయి. మట్టిరోడ్లతో చేరే జిమ్ జిమ్, ట్విన్ ఫాల్స్, మగుక్, గన్‌లోమ్ జలపాతాలు మాత్రం మీరు వచ్చే నెలలో మూసే ఉంటాయి, అందులో సందేహం పెట్టుకోవద్దు. జిమ్ జిమ్‌కు హైవే దిగాక సుమారు 60 కిలోమీటర్లు మట్టిదారి, చివరి పది కిలోమీటర్లు ఎండాకాలంలో (అక్కడ వానలు లేని మే నుంచి అక్టోబరు దాకా) సైతం ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే. వానలు ఆగాక ఆ దారి ఆరి, బాగుచేసి, తెరిచేసరికి మే, జూన్ నెలలవుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. జిమ్ జిమ్ నిండుగా దూకే రోజుల్లో దాని దగ్గరికి దారి ఉండదు. నడిచి చేరగలిగే రోజులు గడిచేకొద్దీ నీళ్లు సన్నగిల్లి, ఎండాకాలం చివరికి రాతిగోడ మీద తడి చార మాత్రమే మిగులుతుంది. నిండు జలపాతం చూడాలంటే జబీరు నుంచో కుయిండా నుంచో బయలుదేరే చిన్న విమానమే మార్గం. ఖర్చు ఎక్కువే, కానీ మొత్తం ప్రయాణంలో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే దానికే పెట్టమంటాను. పీఠభూమి అంచు పొడవునా, ఎండాకాలంలో ఉండనే ఉండని జలపాతాలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. మీ అమ్మగారికీ నాన్నగారికీ మెట్లు ఎక్కే శ్రమ లేకుండా దొరికే దృశ్యం అది.

నేల మీద మీ కుటుంబానికి నేను మొదట చెప్పే చోటు నౌర్లాంజీ అనే రాతికొండ. అక్కడికి తారు రోడ్డుంది, నడక తక్కువ, వాన వస్తే తలదాచుకోవడానికి రాతి చూరే ఉంది. వేల ఏళ్లుగా ఆ నేల మనుషులు వానల్లో తలదాచుకున్నది అటువంటి చూరు కిందే. అక్కడి చిత్రాల్లో నమర్‌గోన్ అనే మెరుపు పురుషుడు ఉన్నాడు. ఒంటి చుట్టూ విల్లులా వంగిన మెరుపు తీగ, మోకాళ్లకూ మోచేతులకూ రాతి గొడ్డళ్లు. ఆ గొడ్డళ్లతో మబ్బులను చీల్చి ఉరుములు పుట్టిస్తాడని అక్కడివారి నమ్మకం. బయట నిజంగా ఉరుముతుండగా ఆ బొమ్మ ముందు నిలబడిన మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మీ పిల్లలకు అది తప్పక చూపించండి. రెండోది ఎల్లో వాటర్ పడవ ప్రయాణం. అది ఏడాది పొడవునా నడుస్తుంది, వరద పెరిగితే ఎక్కే చోటు మారుతుంది, పడవ పేపర్‌బార్క్ చెట్ల మధ్యగా వెళుతుంది. నీళ్లు అంతటా పరుచుకోవడంతో పక్షులు, మొసళ్లు ఎండాకాలంలోలా ఒక్కచోట గుంపుగా కనిపించవు, ఆ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

పిల్లలు నీళ్లలో దిగుతామంటారు. దిగనివ్వకండి. ఉప్పునీటి మొసలి పేరుకే ఉప్పునీటిది, వరద వచ్చినప్పుడు నదుల వెంట పైకి ఎక్కి, ఎండాకాలంలో ఈతకు అనువైన మడుగుల్లోకి కూడా చేరుతుంది. 1971లో ఆ ప్రాంతంలో వేట నిషేధించాక వాటి సంఖ్య బాగా పెరిగింది. వానలు తగ్గాక రేంజర్లు ఒక్కొక్క మడుగునూ గాలించి, బోనులు పెట్టి, మొసలి లేదని నమ్మకం కుదిరాకే ఈతకు తెరుస్తారు. రోడ్డు తెరిచిన వారాల తరవాత కూడా మడుగు మూసి ఉండడానికి కారణం ఇదే, దానిని అధికారుల అలసత్వం అనుకోకండి. ఒడ్డున నిలబడేటప్పుడు కూడా నీటికి అయిదు మీటర్ల ఎడం ఉంచండి. సముద్రంలోనూ దిగవద్దు, ఆ నెలల్లో బాక్స్ జెల్లీఫిష్ అనే విషపు జీవి ఉంటుంది. ఈత తప్పదంటే డార్విన్‌కు దక్షిణాన సుమారు 100 కిలోమీటర్లలో ఉన్న లిచ్‌ఫీల్డ్ పార్కులో ఫ్లోరెన్స్ జలపాతం, బ్యూలీ రాక్‌హోల్ కొన్ని రోజులు తెరిచి ఉంటాయి. ఆ పొద్దున వాటికి అనుమతి ఉందో లేదో చూసుకుని వెళ్లండి. అక్కడి ప్రధాన రోడ్డు తారుదే. వాంగై జలపాతం దగ్గర ఈత ఆ నెలల్లో సాధారణంగా మూసే ఉంటుంది, చూడడానికి మాత్రం ఎంతో బాగుంటుంది.

ప్రతి ఉదయం మూడు చూసుకోండి: నార్తర్న్ టెరిటరీ (డార్విన్, కాకడూ ఉన్న ప్రాంతం) ప్రభుత్వపు రోడ్ల నివేదిక, కాకడూ పార్కు వాళ్లు విడిగా ఇచ్చే దారుల నివేదిక, వాతావరణ శాఖ ఇచ్చే వాన, నదీమట్టాల సమాచారం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం కూడా, కాబట్టి ఆ హెచ్చరికలు కూడా అక్కడే కనిపిస్తాయి. జబీరు దగ్గర బొవాలి సందర్శక కేంద్రంలో ఆగి రేంజర్లను నోటితో అడగడం అన్నిటికంటె మేలు. ఊళ్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకే నివేదికలను బస చేసిన చోటే చూసి, ఎటు వెళుతున్నారో అక్కడివారికి చెప్పి బయలుదేరండి. ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరవాత వస్తాయి, కాబట్టి దూరప్రయాణాలు పొద్దునే ముగించండి. చీకటి పడితే వాలబీలు (చిన్న కంగారూలు), గేదెలు ఎత్తుగా, ఆరి ఉన్న రోడ్డు మీదికి వస్తాయి. పెద్దవాళ్ల మందులు మూడు రోజులకు అదనంగా, తాగునీళ్లు, తినుబండారాలు కారులోనే ఉంచండి. పెట్రోలు ట్యాంకు సగానికి దిగనివ్వకండి. జబీరులో బస రద్దు చేసుకునే వీలున్నది తీసుకోండి, కాకడూ నుంచి తిరిగి వచ్చిన రోజే డార్విన్‌లో విమానం ఎక్కేలా మాత్రం టికెట్లు కొనకండి.

తేదీలు మార్చుకునే వీలుందా అని కూడా చివర్లో అడిగారు. అక్కడి ఆదివాసులైన బినింజ్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కిస్తారు. మీరు వచ్చేది గుడ్‌జెవ్గ్ అనే నడివానల కాలం. దాని తరవాత ఏప్రిల్‌లో వచ్చేది బంగెరెంగ్: మనిషి ఎత్తు దాటిన గడ్డిని చివరి గాలివానలు పడుకోబెట్టే రోజులు. అప్పుడు తారు రోడ్లు తెగే అవకాశం తగ్గుతుంది, నీళ్లు ఇంకా నిండుగానే ఉంటాయి, ఉక్కపోత కాస్త తగ్గుతుంది, అయినా జిమ్ జిమ్ దారి మూసే ఉంటుంది. జలపాతం పాదం దాకా నడిచి వెళ్లడమే మీకు ముఖ్యమైతే జూన్ చివర్లోనో జూలైలోనో రండి. వాన చూడడం ముఖ్యమైతే ఫిబ్రవరినే ఉంచుకుని, రెండు రోజులు కలపండి.