ఫార్మాట్ కాని పెన్‌డ్రైవ్‌కి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే బాగవుతుందా?

'రైట్ ప్రొటెక్టెడ్' అంటూ ఫార్మాట్ కాని పెన్‌డ్రైవ్ గురించి అడిగారు. మెమరీ చిప్ పూర్తిగా చచ్చిపోకపోతే చాలావరకు బాగవుతుంది. కానీ అందులో ఫైళ్లు కావాలంటే మాత్రం ఫర్మ్‌వేర్ (పెన్‌డ్రైవ్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి వెళ్లకండి. అది ఎక్కించాక పాత డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

మా బావ ఊళ్లో డీజే నడుపుతాడు. వినాయక నిమజ్జనం దగ్గరపడుతుంటే ఆయన పాటల పెన్‌డ్రైవ్ మొరాయించింది. మొదట పాటలు సగంలో ఆగిపోయేవి, తర్వాత అసలు ఫార్మాటే కాలేదు. షాపులో అడిగితే "చిప్ పోయింది, కొత్తది తీసుకోండి" అన్నారట. పాటలన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి నేను ధైర్యంగా మొదలుపెట్టాను.

పెన్‌డ్రైవ్ లోపల ఏముందో చూపించే చిప్‌జీనియస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, ఆల్కార్ కంపెనీ కంట్రోలర్ ఉంది, అంటే మెమరీని నడిపించే చిప్. పైనున్న బ్రాండ్ పేరు పట్టుకుని టూల్ వెతకడం దండగ. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో లాట్‌కి ఒక్కో కంట్రోలర్ వేస్తారు. కంట్రోలర్ నంబరుకీ, మెమరీ చిప్ ఐడీకీ సరిపోయే ఆల్కార్‌ఎంపీ (ఆ కంట్రోలర్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించే టూల్) వెర్షన్ దొరికేసరికి అర్ధరాత్రయింది. స్టార్ట్ నొక్కాక బావ కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందే కూర్చున్నాడు. చాలాసేపటికి టూల్‌లో గడి ఆకుపచ్చగా మారింది, అంటే పని అయిపోయినట్టే. సైజు చూస్తే 8 జీబీ! పైన అచ్చేసింది 64.

"మరి ఇన్నాళ్లూ నేను ఎక్కించిన పాటలు ఏ గంగలో కలిశాయిరా?" అన్నాడు.

ఇలాంటి ఎంపీ టూల్‌తోనే ఎవడో ముందే ఆ కంట్రోలర్‌కి 64 అని అబద్ధం నేర్పి అమ్మాడు. ఎనిమిది నిండాక కాపీ అయినట్టే కనిపిస్తుంది, నిజానికి ఎక్కేది చెత్తే. చిన్నపిల్లల ఫొటోలు ఇలా పోగొట్టుకున్న వాళ్లని తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో బాధ ఏంటంటే, ఈ టూల్స్ ఫ్యాక్టరీల కోసం చేసినవి. కంపెనీలు కొన్నవాళ్లకి ఇవ్వవు. దాంతో రష్యన్ సైట్లలో వెతుక్కోవాలి, అందులో వైరస్ ఏదో మంచిదేదో తెలియక టెన్షన్. ముఖ్యమైన ఫైళ్లు లేని పాత కంప్యూటర్‌లోనే నడపండి. వేరే పెన్‌డ్రైవ్‌లు, యూఎస్‌బీ డ్రైవులన్నీ పీకేశాకే స్టార్ట్ నొక్కండి, లేకపోతే అవీ తుడిచిపెట్టుకుపోవచ్చు. బాగయ్యాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్షించే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి చూసుకోండి. ఎర్రర్లు వస్తే ఇక దాన్ని వాడకండి.